మూరెడు బట్ట ఓడ

పోయిన శుక్రవారం సాయంత్రం రైలు తాత మనవరాలు మా ఇంటికి వచ్చింది. గడప లోపలికి అడుగు పెట్టకముందే నా చేతులు రెండూ పట్టుకుంది.

“అక్కా, వచ్చే బేస్తవారం హజ్‌కు పోతాండా. తెలిసో తెలియకో ఎప్పుడన్నా నోరు జారింటే మాఫ్ చెయ్యి” అంది.

హజ్‌కు పోయేవాళ్ళు బయలుదేరే ముందు ఇట్లా తెలిసిన ప్రతి గడపకూ వెళ్ళి క్షమించమని అడుగుతారు. మనుషుల దగ్గర మాఫీ తీసుకోకుండా దేవుడి దగ్గరికి ఏ మొహం పెట్టుకొని పోతామని వాళ్ళ మాట. ఆ పిల్ల నన్ను ఎన్నడూ పల్లెత్తు మాట అన్నది లేదు. హైదరాబాదులో విమానం ఎక్కితే కొన్ని గంటల్లో దిగుతారట. “విమానంలో అన్నం గూడా వాళ్ళే పెడతారంట అక్కా” అని చిన్నపిల్లలాగా సంబరపడింది.

నాకు నవ్వు రాలేదు. అరవై దాటిన దాన్ని, నోరున్న దాన్ని. కొళాయి దగ్గర నాతో గొడవ పెట్టుకోవడానికి మా వీధిలో ఎవరూ ముందుకు రారు. అట్లాంటిదాన్ని ఆమె చేతుల్లోంచి నా చేతులు వెనక్కి తీసుకోలేక అట్లాగే నిలబడిపోయాను.

“లోపలికొచ్చి కూర్చోమ్మే. నీకొక సంగతి చెప్పాల. విన్నాక మాఫీ ఇయ్యాల్సింది నువ్వు” అన్నాను.

ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నాకు పదకొండో పన్నెండో ఏళ్ళు. మాది నేతగాళ్ళ వీధి. తెల్లవారక ముందే పడుగులు వీధి పొడుగునా సాచి, కుంచెలతో జొన్న గంజి పెట్టేవాళ్ళు. ఆ పులిసిన గంజి వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు సంగటీ ఊరిబిండీ గుర్తొచ్చి ఆకలవుతుంది. ఇంటికొక గుంట మగ్గం. నడిచిపోతుంటే రెండు పక్కలా, పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెల చప్పుడే. ఇప్పుడా వీధిలో మగ్గం గుంటలన్నీ పూడ్చేసి పైన టైల్సు వేశారు. మా ఇంట్లోనూ అంతే. మగ్గం ఉన్నచోట ఇప్పుడు ఫ్రిజ్జు ఉంది.

మద్రాసు నుంచి బొంబాయి పోయే రైలుదారి మా ఊరిని రాసుకుంటూ పోతుంది. మెయిలు మాత్రం మా స్టేషన్లో నిలిచేది కాదు, దుమ్ము కొట్టి పోయేది. ఆ స్టేషన్లో రైళ్ళకు పట్టాలు మార్చే పని చేసి దిగిపోయిన ముసలాయన మా పక్కింట్లో ఉండేవాడు. వీధంతా ఆయన్ని రైలు తాత అనేది. సాయిబులే గానీ మాటంతా మా మాటే. కొడుకు గుంతకల్లులో పని. ఇంట్లో తాత, అవ్వ, ఒక మేక.

ఆ మేక మీద మా జేజికి, అంటే మా నాయనమ్మకు, పగ. ఒకసారి వీధిలో సాచిన పడుగు దగ్గరికి వచ్చి తడి గంజి కమ్మగా ఉందని నాకి నాకి, నూటికి పైగా పోగులు తెంపింది. ఆనాటి నుంచి మా జేజి అవ్వతో మాటలు మానేసింది. గోడ ఇవతలనుంచి మేకను తిట్టేది. తిట్లన్నీ మేకకే, వినాల్సింది మాత్రం అవ్వ.

నాకు ఆ పగతో పని లేదు. బడి వదిలితే నేను అవ్వ దగ్గరే. అవ్వకు కళ్ళల్లో నీటికాసులు. చూపు కొంచెం కొంచెంగా పోయి, చివరికి పగలూ రాత్రీ తేడా మాత్రమే తెలిసేది. కర్నూలుకు తీసుకపోయి చూపిస్తే, పోయిన చూపు ఇక రాదన్నారు. దానికి తోడు ఆయాసం, నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. అందుకని ఆమెకు నేనే కళ్ళు. పెట్టెలోంచి లవంగాలు తీయాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా, “పాపా, నీ కండ్లు ఒకసారి ఇయ్యి” అని పిలిచేది.

ఆమెకు జన్మకంతా ఒకటే కోరిక, హజ్. ఆ రోజుల్లో మా వైపు సాయిబులు బొంబాయి దాకా రైల్లో పోయి, అక్కడ ఓడ ఎక్కేవాళ్ళు. ఓడలో చోటుకు చీట్లు తీసేవాళ్ళు. తాతా అవ్వా మూడుసార్లు రాసుకున్నారు, మూడుసార్లూ పేరు రాలేదు. నాలుగోసారి తాత కాగితాలు తెస్తే అవ్వే వద్దంది. “కండ్లు లేనిదాన్ని, ఊపిరి లేనిదాన్ని, నన్ను మోసుకోని నువ్వేం చేస్తావు? నా చీటీ దేవుడే చించేసినాడు పో” అంది.

మొదటిసారి పేరు రాసుకున్న ఏడాది, ఆమె మా నాయనతో తెల్లబట్ట నేయించుకుంది. అది కట్టుకునే బట్ట కాదు. అక్కడి జమ్‌జమ్ బావి నీళ్ళల్లో ముంచి తెచ్చుకొని, తను పోయిన రోజున చుట్టించుకోవడానికి. మా ఇంట్లో మగ్గం మీది బట్ట ఏదీ మాది కాదు, నూలు ఇచ్చిన సావుకారుది. ఆ ఒక్కదానికి మాత్రం నాయన సొంతంగా నూలు తెచ్చి నేశాడు. అంచులో పోగులు జంటలుగా వేశాడు. మా వీధిలో అట్లా వేసేది ఆయనొక్కడే. కొలతలో కూడా ఎప్పుడూ జానెడు ఎక్కువ వదలడం ఆయనకు అలవాటు. అవ్వ ప్రతి శుక్రవారం ఆ బట్టను పెట్టెలోంచి తీయించి, ఒళ్ళో పెట్టుకొని తడిమి, లవంగాలు మార్చి, మళ్ళీ లోపల పెట్టించేది.

ఇక పోలేమని తేలిపోయింది. తర్వాత ఒకరోజు తాత వసారాలో గోడ పొడుగునా బల్లలు వేసి సుత్తి పట్టుకున్నాడు.

“ఏం చేస్తాండావు తాతా?” అని అడిగాను.

“బొంబాయికి రైలుదారి వేస్తాండా. మీ అవ్వకు కండ్లు పోతే పోయినాయి, వేళ్ళు ఉండాయి గదా” అన్నాడు.

అదీ మొదలు. చిరిగిన గొడుగుల కమ్మీలు పట్టాలయ్యాయి. వాటి కింద అగ్గిపుల్లలు అడ్డంగా అంటించాం. పౌడరు డబ్బా ఇంజను, అగ్గిపెట్టెలు పెట్టెలు, చొక్కా గుండీలు చక్రాలు. అది దానంతట అది నడవదు కదా. అందుకని నేను మా ఇంటినుంచి కండెలు చుట్టే పాత రాట్నం మోసుకొచ్చాను. బల్లకు ఆ చివర ఒక కండె, ఈ చివర రాట్నం. మధ్యన పడుగు నూలు పురిపెట్టి ఇంజనుకు కట్టాం. రాట్నం తిప్పితే రైలు కదిలేది. మొదటిసారి అది గజం దూరం నడిచినప్పుడు తాత బడిపిల్లోడి మాదిరి ఈల వేశాడు.

ఊళ్ళన్నీ వేలికి తెలిసేటట్టు చేశాడు. గుంతకల్లు దగ్గర చారెడు బొగ్గు ముక్కలు. ఆదోనికి పత్తి. తుంగభద్ర వంతెనకు పాత దువ్వెన. రాయచూరు దగ్గర చారెడు వడ్లు. షోలాపూరుకు చిరిగిన షోలాపూరు దుప్పటి తునక. పూనా దాటినాక కొండల్లో సొరంగాలు ఉంటాయట, వాటికి కొబ్బరి చిప్పలు. రాయచూరు అవతల తాత ఎన్నడూ పోలేదు. అవతలి సంగతులన్నీ గార్డుల దగ్గర విన్నవే. ముప్పై ఏళ్ళు ఆ దారి మీద పట్టాలు మార్చినాయన, ఆ దారి కొస చూడకుండానే దిగిపోయాడు.

బల్ల చివర బొంబాయి. దాని పక్కన ఇత్తడి గంగాళం నిండా ఉప్పు కలిపిన నీళ్ళు, అది సముద్రం. ఇక మిగిలింది ఓడ.

“అది నువ్వు చెయ్యాల. మీవి నూలు పట్టే చేతులు, నావి ఇనుము పట్టే చేతులు” అన్నాడు తాత. నేను గాల్లో తేలిపోయాను.

మా ఊళ్ళో ఓడను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మాకు తెలిసిన నీళ్ళు ఊరి వంక, అదీ ఏడాదిలో పదిరోజులు పారితే గొప్ప. నా దగ్గర ఉన్నది బడి పుస్తకంలో ఒక బొమ్మ. దాన్ని చూసి అట్టముక్కతో కత్తిరించి తీసుకపోతే తాత అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

“రెండోపక్క యాడ పాపా?”

“పటంలో లేదు తాతా.”

“పటంలో లేకుంటే ఓడకే లేకుండా పోతాదా? ఒంటి చెంపతో సముద్రం దాటుతాదా?” అన్నాడు. లోపల మంచం మీద అవ్వ ఆయాసం వచ్చేదాకా నవ్వింది.

నాకు రోషం వచ్చింది. ఈసారి గట్టిగా చేద్దామని కూర్చున్నాను. అడుగున మా అబ్బ, అంటే నాయనకు నాయన, వాడి వదిలేసిన అరిగిపోయిన నాడె పెట్టాను. దానికి రెండు పక్కలా విరిగిన మగ్గం అచ్చులోంచి ఊడదీసిన వెదురు పుల్లలు వంచి కట్టాను. వాటి మీద పాత చీరల పేలికలు పొర మీద పొర అంటించి, జొన్న గంజి పట్టించి, వీధిలో ఎండబెట్టాను. గంజి పెడితే ఏదైనా నిలబడుతుందని మా నమ్మకం. ఎండినాక తడితే కుండ మాదిరి టంగుమంది. మా జేజి కూడా చూసి “అబ్బో” అంది.

గంగాళంలో పెట్టాం. తేలింది. తాతా నేనూ చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు ఆగకముందే అది మెత్తబడింది, పక్కకు ఒరిగింది, పేలికలన్నీ విడిపోయి సంగటి ముద్దలాగా అడుక్కు చేరింది. నీళ్ళల్లో గంజి కరుగుతుందని నేతగాళ్ళ పిల్లకు తెలియదా అంటే, తెలుసు. రోజూ కొత్త బట్టలు ఉతికి గంజి వదిలించేది మేమే. ఓడ అనేసరికి ఆ తెలివి ఎక్కడ పోయిందో.

“గంజి ఓడ ఎక్కితే చేపలకు పండగే” అంది అవ్వ. ఆమె నవ్విందని తాతకు సంతోషం. నాకు మాత్రం ఏడుపు.

మైనం పట్టిస్తే నీళ్ళు దూరవని తాత చెప్పాడు. కొవ్వొత్తులు కరిగించి పాత చీరగుడ్డకు పూశాం. అరిగిన గుడ్డ, దారాల సందుల్లోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారాయి. కొత్త బట్ట కావాలి, దగ్గరి నేతది. నేత ఇంట్లో పుట్టి మూరెడు కొత్త బట్ట లేదంటే ఎవరు నమ్ముతారు? మగ్గం మీది సావుకారు బట్టను ముట్టుకుంటే నాయన ఊరుకోడు.

అప్పటికి అవ్వ ఆయాసం ఎక్కువైంది. “ఓడ ఎప్పుడైతాదో, నేను ఎప్పుడు పోతానో, ఏది ముందో” అనడం మొదలుపెట్టింది. తాత నా మొహం వైపు చూసేవాడు, అడిగేవాడు కాదు. ఆయన అడిగి ఉంటే బాగుండేది.

ఒక శుక్రవారం అవ్వ ఎప్పటిలాగే “పాపా, లవంగాలు మార్చల్ల, బట్ట తీసియ్యి” అంది. తీసి ఒళ్ళో పెట్టాను. తడిమింది. మడత పెట్టి నా చేతికిచ్చింది. నేను పెట్టె దగ్గరికి పోయి, ఆమెకు వీపు పెట్టి కూడా కాదు, ఆమె ఎదురుగానే, పాత బ్లేడుతో ఒక కొసనుంచి మూరెడు కోశాను. సర్రుమని చిన్న చప్పుడైంది.

“ఏందది పాపా?”

“ఎలక ఉన్నట్టుందవ్వా” అన్నాను.

కళ్ళు నావి ఇచ్చాను కదా ఆమెకు, ఆ కళ్ళతోనే మోసం చేశాను. అంత పెద్ద బట్టలో మూరెడు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ మాట అనుకున్నట్టు నాకు బాగా గుర్తుంది.

ఈసారి ఓడ కుదిరింది. మైనం పూసిన తెల్లబట్ట వెదురు పుల్లల మీద బిగువుగా కూర్చుంది. రెండు ఖాళీ కండెలు పొగగొట్టాలు. కిటికీలకు చిన్న గుండీలు, లంగరుకు వంచిన పిన్నీసు, పైన పట్టుకోవడానికి తలపిన్నుల కటకటాలు. పక్కన చీపురు పుల్లలతో మెట్లు కట్టాను, అవ్వ రెండు వేళ్ళతో ఎక్కడానికి. గంగాళంలో పూటంతా ఉంచినా ఒక్క బొట్టు లోపలికి రాలేదు. బట్ట ఎక్కడిదని తాత అడిగాడు. మా ఇంట్లోదన్నాను. నేతగాళ్ళ ఇంట్లో బట్టకు కొదవా అని నమ్మేశాడు.

ఓడ అయిందని తెలియగానే అవ్వ లేచి కూర్చుంది. మరుసటి శుక్రవారం ప్రయాణం అంది. ప్రయాణానికి ముందు వీధంతా తిరిగి మాఫీ అడగాలంది.

“ఇది ఆట సామానే. హజ్ కాదు” అన్నాడు తాత మెల్లగా.

“నాకు తెల్దా? నా మనసు ఆ ఓడ కాడికి పోయి నిలబడాల. దానికైనా శుభ్రంగా పోవాల గదా” అంది.

తలకు నూనె రాసి, సుర్మా పెట్టి, అత్తరు పూశాను. నా భుజం పట్టుకొని బయలుదేరింది. పది ఇళ్ళ వీధికి పొద్దున అంతా పట్టింది. ప్రతి అరుగు మీదా కూర్చుని ఊపిరి తీసుకునేది. “ఏమప్పా, నేను పోతాండా, ఏమన్నా అనింటే మాఫ్ చెయ్యి” అని అడిగేది. కొందరు నవ్వుతూ, కొందరు నవ్వు ఆపుకుంటూ “ఏముంది లేవ్వా” అన్నారు. మగ్గాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి.

మా ఇంటి ముందర మా జేజి తలుపు పట్టుకొని నిలబడి ఉంది.

“నా మేక నీ పడుగు చెడగొట్టింది. నేను నీ కాడికొచ్చి ఒక్క మాట గూడా అనకపోతి. మాఫ్ చెయ్యి” అంది అవ్వ.

మా జేజి నోరు మామూలు నోరు కాదు. నా నోరు అక్కడినుంచి వచ్చిందే. అట్లాంటి మా జేజి గబగబా వచ్చి అవ్వ చేతులు పట్టుకుంది. “మేక చేసినదానికి నువ్వెందుకు అడుగుతావు మే! గడ్డి తినేదానికి బుద్ధి లేకపోతే అన్నం తినేదాన్ని, నాకేమాయ? రెండేండ్లు మాట్లాడకపోతి. పోయిరాపో, మంచిగా పోయిరా” అని ఏడ్చేసింది.

వసారాకు తిరిగొచ్చాక అవ్వ నా వైపు తిరిగింది. “నిన్నే శానా సతాయించినా పాపా. పొద్దస్తమానం పిలిచి నీ ఆట చెడగొట్టినా. నువ్వు గూడా మాఫ్ చెయ్యి.”

చెప్పాల్సింది అప్పుడు. ఆమే నోరు తెరిచి దారి చూపించింది. “ఊఁ” అన్నాను, అంతే. ఆ “ఊఁ” ఇన్నేళ్ళుగా నా గొంతులోనే ఉంది.

రాట్నం నేను తిప్పాను. అవ్వ ఒక వేలు ఇంజను మీద పెట్టింది, ఇంకో చేత్తో బల్ల తడుముతూ పోయింది. తాత ప్లాట్‌ఫారం మీద అరిచినట్టు ఊర్ల పేర్లు అరిచాడు. బొగ్గు తగలగానే అవ్వ “నా కొడుకు ఊరు” అంది. దువ్వెన పళ్ళ మీద వేలు పోనిచ్చి, “తుంగమ్మా, మాఫ్ చెయ్యి తల్లీ, నీ మీద దాటుతాండా” అంది. దుప్పటి తునకను బుగ్గకు ఆనించుకుంది. కొబ్బరి చిప్పల సొరంగంలోకి వేలు పోయినప్పుడు నిజంగానే కొంచెం భయపడింది. బల్ల చివర చెయ్యి గంగాళంలో పడింది. వేలు నోట్లో పెట్టుకొని “ఉప్పే” అంది. తాత మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఓడను ఆమె చేతుల దగ్గరికి తోశాను. రెండు వేళ్ళు మెట్ల మీద ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాయి. కటకటాలు పట్టుకుంది, గుండీ కిటికీలు లెక్కపెట్టింది, కండె గొట్టాలను చుట్టింది. తర్వాత అరచెయ్యి కిందికి జారి ఓడ ఒంటి మీదికి వచ్చింది. అంచు దగ్గర ఆగిపోయింది. మైనం పూసినా అంచు అంచే. జంట పోగుల మీద ఆమె బొటనవేలు ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పోయింది. 

“ఈ బట్ట యాడిది పాపా?”

“మా ఇంట్లోది.”

“మీ నాయన నేసిందేనా?”

“ఆఁ.”

అవ్వ ఓడను నీళ్ళల్లో మెల్లగా ఒకసారి అదిమి వదిలింది. “అందుకే మునగలేదు” అంది. తర్వాత ఆ తడిచేతిని నా తల మీద పెట్టింది. ఉప్పునీళ్ళు నుదుటి మీదుగా పెదవి దాకా కారాయి.

నెల తిరగకముందే అవ్వ పోయింది. పొద్దున్నే తాత మా గడపలోకి వచ్చి నిలబడ్డాడు, మాకు అర్థమైంది. కొడుకు గుంతకల్లు నుంచి వచ్చాడు. పెద్ద ఆడవాళ్ళు ఆమెకు స్నానం చేయించి, పెట్టెలోంచి తెల్లబట్ట తీశారు. తీరా కొలిచేసరికి, మీద చుట్టే పెద్ద గుడ్డ చాలలేదు. తలవైపూ కాళ్ళవైపూ ముడి వేయడానికి కొస లేదు.

“మూరెడు తక్కువ ఉండాది” అంది లోపలినుంచి ఒకావిడ.

తాతకు ఏమీ తోచలేదు. “ఎట్ల తక్కువైతాది? నేసినాయన చెయ్యి అట్లాంటిది కాదే” అన్నాడు. గుంపులో ఎవరో, “నేసినోడు కొలత తప్పినాడేమోలేప్పా” అన్నారు. అందరూ మా నాయన వైపు తిరిగారు. అడిగినదానికి జానెడు ఎక్కువ ఇచ్చే మనిషని ఆయనకు పేరు. ఆ పేరు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు.

నాయన ముందుకు పోయి బట్ట కొస చేతిలోకి తీసుకున్నాడు. మగ్గం మీదినుంచి దించిన కొసకు పోగుల కుచ్చు ఉంటుంది. బ్లేడు కోసిన కొసకు ఉండదు. అది ఆయనకు చెప్పాలా? చూశాడు. చూసి ఆ కొసను గుప్పిట్లో ముడిచేశాడు.

“తప్పు నాదే. కొలత తప్పినా. ఒక్క గడియ ఆగండప్పా, తెస్తా” అన్నాడు.

అమ్మ కొంగు పట్టుకొని నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆయన ఇంటికి వస్తే వెనకే వచ్చి మగ్గం పక్కన కూర్చున్నాను. నాయన సావుకారు పంచెలకని సగం నేసిన తెల్లబట్టను మగ్గం మీదనే కోశాడు. “మగ్గం మీది బట్ట నడిమికి కోస్తారా రా, ఇంటికి అరిష్టం” అని మా జేజి అడ్డం వచ్చింది. “ఆయమ్మ ముడి పడకుండా పోతే అంతకన్నానా?” అన్నాడు. కావలసినంత చించి ఇచ్చాడు. మిగిలిన తునక నా ఒళ్ళోకి విసిరాడు. విసిరాడనే అనుకుంటున్నాను, ఇచ్చాడేమో.

కబరస్తాన్ నుంచి తిరిగొచ్చాక నాయన తాత వసారాలోకి వెళ్ళాడు. గంగాళంలో ఓడ ఇంకా తేలుతూనే ఉంది. దాన్ని చేతుల్లోకి తీసుకొని అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు. పైపంచెతో తడి తుడిచి, ఆరడానికి బోర్లా పెట్టాడు. నా వైపు చూడలేదు. ఆరోజే కాదు, బతికినన్నాళ్ళూ ఆ సంగతి ఎత్తలేదు.

సావుకారు మూడు నెలలు మాకు నూలు ఇవ్వలేదు. ఆ మూడు నెలలూ నాయన బండల గనిలో కూలికి పోయాడు. మళ్ళీ మగ్గంలో కూర్చున్నప్పుడు ఆయన వేళ్ళు బండబారి, పోగులు వాటికి తగులుకొని తెగిపోయేవి. తెగిన ప్రతి పోగునూ నేనే ముడివేసేదాన్ని. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆయన దగ్గర బట్ట తీసుకుంటే రెండోసారి కొలిచేవాళ్ళు. ఆయన నవ్వుతూ “కొలుచుకో అప్పా” అనేవాడు. ఆ నవ్వు చూసి కూడా నేను చెప్పలేదు. భయం మొదట, తర్వాత సిగ్గు, తర్వాత ఆలస్యం. పెళ్ళయింది, పిల్లలయ్యారు, ఆయన పోయాడు. ఇంకెవరికి చెప్పేది?

ఇదంతా విని రైలు తాత మనవరాలు టీ గ్లాసు పక్కకు జరిపింది. చేసిపెట్టిన టీ మీద మీగడ కట్టింది.

“ఆ ఓడను చిన్నప్పుడు నేను చూసినా అక్కా. మా దాదా ఎవర్నీ ముట్టుకోనిచ్చేటోడు కాదు. చెదలు తినిందాకా అటక మీదే ఉన్నింది” అంది. తర్వాత కళ్ళు తుడుచుకొని, “మాఫీ అడగనీకి వచ్చింది నేను. నన్ను కూచోబెట్టి నువ్వు అడుగుతాండావు. నేనెవర్ని ఇయ్యనీకి? మా దాదీ తల మీద చెయ్యి పెట్టింది గదా, ఇంకేం కావల్ల నీకు?” అంది.

“మీ దాదీ పెట్టింది. మా నాయన బదులు ఎవరు పెట్టాల?” అన్నాను. నాకు అప్పటికి ఏడుపు ఆగడం లేదు.

లేచి పెట్టె తెరిచాను. అడుగున, పెళ్ళి చీర కింద, ఆనాడు నాయన నా ఒళ్ళోకి విసిరిన తునక ఉంది. ఇన్ని ఇళ్ళు మారి మళ్ళీ ఈ ఇంటికే చేరినా పారేయలేదు, ఒక్కసారి కూడా వాడలేదు. కొంచెం పసుపుబారింది, నేత మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె చేతిలో పెట్టాను.

“ఆడ ఆ బావి నీళ్ళల్లో ముంచి తీసుకరా. మీ దాదీ బట్టకు మూరెడు నేను బాకీ.”

“తెచ్చి యాడ పెట్టాల?”

“ఆమె కాడనే. మట్టి మీద పరిచినా చాలు.”

ఆమె బట్టను విప్పి, మోచెయ్యి నుంచి వేలికొస దాకా పెట్టి కొలిచింది. కొలిచి, మిగిలిన కొసను రెండు వేళ్ళ మధ్య పట్టుకొని నాకు చూపించింది.

“మూర గాదక్కా. జానెడు ఎక్కువే ఉండాది.”

“ఉంటాది. మా నాయన ఎన్నడూ కొలత తప్పలేదు” అన్నాను.

ఆ మాట వీధి అంతా వినేటట్టు అన్నాను. వీధిలో ఇప్పుడు మగ్గాలు లేవు, ఆనాటి మనుషులూ లేరు. అయినా గట్టిగానే అన్నాను.